తొమ్మిదో అధ్యాయం గీసిన చెయ్యి

ఎనెలెస్ నమలోంబా మనసులో ఒక అనుమానం పంతొమ్మిదేళ్లుగా కాపురం ఉంటోంది. భర్త వైసన్ బతికున్న పదమూడేళ్లూ ఆ మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయేది. ఆయన పోయి ఆరేళ్లయింది. ఇక అడగడానికి మనిషి లేడు, అనుమానం మిగిలింది. గోడకి పటం తగిలించమంటే వంకరగా తగిలించే మనిషి, తిన్నగా ఒక గీత గీయడం చేతకాని మనిషి, చేతిపంపు పుస్తకంలో తొమ్మిదో అధ్యాయం బొమ్మలు అంత తీరుగా ఎలా గీశాడు?

కథ ఇంతవరకూ నడిచిన దారి ఇది. ఊళ్లలో ఆడవాళ్లు నీళ్లు కొట్టుకునే ఆ పంపు ఏ కంపెనీ సొత్తూ కాదు. దాని కొలతలు, బొమ్మలు, బాగుచేసుకునే పద్ధతి అన్నీ ఒక పుస్తకంలో ఉంటాయి. ఎవరైనా చూసి చేసుకోవచ్చు, మెరుగుపరిచి తిరిగి ఆ పుస్తకానికే ఇవ్వొచ్చు. జోంబా పట్నంలో ఒక కమిటీ ఆ పుస్తకాన్ని చూసుకుంటుంది. ఎనెలెస్ దానికి కార్యదర్శి. మూడో ముద్రణకి కొత్త లైసెన్సు వచ్చింది. పాత లైసెన్సు ఈ దేశపు ఊళ్ల వరకే. కొత్తది లోకమంతటికీ. అందుకని పేజీ ఇచ్చిన ప్రతి మనిషి దగ్గరా కొత్తగా సంతకం తీసుకోవాలి. మనిషి పోతే వారసులు పెట్టవచ్చు. శుక్రవారంలోగా సంతకం లేని పేజీ పుస్తకంలోంచి పోతుంది. అన్ని అధ్యాయాలూ తేలాయి, తొమ్మిదోది తప్ప. దాని మీద ఉన్నది వైసన్ పేరు. వారసురాలు ఎనెలెస్. ఆమె కలం తీసి ఒక్క గీత గీస్తే పని అయిపోయేది. కానీ పోయిన ఆదివారం ఊళ్లలో పంపులు బాగుచేయడానికి ఆయన మోసుకెళ్లిన పనిముట్ల సంచీ దులుపుతుంటే పాత డైరీ ఒకటి బయటపడింది. అందులో ఒక మూల ఆయన రాత: "తొమ్మిది – అబీతి ఇమెడి, చిసువో." 

ఆ మనిషి పేరు, ఆ ఊరి పేరు పట్టుకుని, ఆ సంచీయే భుజాన వేసుకుని ఆమె బుధవారం పొద్దున్నే మినీబస్సు ఎక్కింది. న్సనామా దగ్గర దిగి, సైకిలు బాడుగకి మాట్లాడుకుని వెనక కూర్చుంది. అక్టోబరు ఎండకి దారి పొడుగునా మట్టి తెల్లగా కాలిపోయి ఉంది. వాన కోసం ఆమె రోజూ ప్రార్థన చేస్తూనే ఉంది. ఈసారి దేవుడికి వినబడటం ఆలస్యమవుతోందేమో, లేక తనకే అడగడం సరిగ్గా రావడం లేదేమో అనుకుంది. యాభై ఏడేళ్ల నడుము సైకిలు మీద ప్రతి గుంటనీ లెక్కపెట్టింది.

చిసువోలో పంపు చుట్టూ వెదురు దడి కట్టి ఉంది. దడి బయట చెప్పులు వరసగా విడిచి ఉన్నాయి. ఎనెలెస్ ఆలోచనలో పడి చెప్పులతోనే లోపలికి అడుగు పెట్టబోయింది.

"ఆగండి మాయి," అంది పిడి కొడుతున్న అమ్మాయి, అమ్మా అన్నట్టుగా. "పట్నం చెప్పులకి ఇక్కడ వేరే చట్టం లేదు."

"తప్పయింది తల్లీ. అబీతి ఇమెడి గారి కోసం వచ్చాను."

"అగోగో!" అని ఆ అమ్మాయి దడి అవతలి అవ్వకి కేకవేసింది. "నీకోసం ఆఫీసు వచ్చింది. సంచీతో సహా."

గడ్డి పందిరి కింద ఒక ముసలామె తాటినార చాప అల్లుతోంది. డెబ్బై దాటి ఉంటాయి. తలకి తెల్లటి గుడ్డ చుట్టుకుంది. తల ఎత్తి ముందు మనిషిని కాదు, భుజాన ఉన్న సంచీని చూసింది.

"మీరు వైసన్ భార్య."

"ఎలా గుర్తుపట్టారు?"

"ఆ సంచీ జిప్పు సగమే పడేది. ఇప్పటికీ సగమే పడింది." చాప మీద పక్కన చోటు చూపించింది. "కూర్చోండి. ఆయన పోయినప్పుడు మేం ఆరుగురం వచ్చాం. మీరు చూసి ఉండరు. లోపల జనం ఎక్కువగా ఉంటే చర్చి బయట నిలబడ్డాం. మరియాము, ఈవిడకి తోబ్వా పట్రా."

మరియాము అంటే ఆ పంపు దగ్గరి అమ్మాయే, ముసలామె చెల్లెలి మనవరాలు. చిప్పతో చల్లటి జొన్నంబలి తెచ్చి ఇచ్చింది. ఇచ్చి వెళ్లిపోలేదు. పందిరి గుంజకి ఆనుకుని నిలబడింది.

ఎనెలెస్ దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు మొదలుపెట్టింది. కొత్త లైసెన్సు సంగతి చెప్పింది. పుస్తకాన్ని ఇకమీద ఎవరైనా అచ్చు వేసుకోవచ్చని, మార్చుకోవచ్చని, ఏ దేశంలోనైనా వాడుకోవచ్చని చెప్పింది. ముసలామె వేళ్లు అల్లుతూనే ఉన్నాయి.

"ఎవరైనా అంటే, కంపెనీవాళ్లు కూడానా?"

"కంపెనీవాళ్లు కూడా."

"అమ్ముకోవచ్చా?"

"అమ్ముకోవచ్చు. కానీ కొన్నవాడు దాన్ని ఇంకొకడికి రాసి ఇస్తానంటే ఆపకూడదు. తాము చేసిన మార్పులు కూడా ఇలాగే అందరికీ వదిలెయ్యాలి. ఇచ్చినవాళ్ల పేర్లు తీసెయ్యకూడదు."

"రేపు నాకు మనసు మారితే?"

"కుదరదమ్మా. ఇచ్చాక ఇచ్చినట్టే."

"అయితే పెళ్లి కన్నా గట్టిదన్నమాట," అంది మరియాము. "మా ఊళ్లో మొగుడైతే చాప చుట్టుకుని వాళ్లమ్మ ఊరికి పోవచ్చు."

"నీ మొగుడు పోయింది చాపతో కాదు, నా కోడిపెట్టతో," అంది ముసలామె తల ఎత్తకుండా. తర్వాత అల్లిక ఆపింది. "పేర్లు తీసెయ్యకూడదన్నారు. తొమ్మిదో అధ్యాయం మీద ఏం పేరుంది?"

ఎనెలెస్ చిప్ప కింద పెట్టింది. "మా ఆయన పేరు."

ఈ ఒక్క ప్రశ్న ఎవరో ఒకరిని అడగడానికే తాను ఇంత దూరం వచ్చానని ఎనెలెస్‌కి తెలుసు. సంతకం సాకు.

"ఆ బొమ్మలు ఆయనే గీశారా?"

"వైసనా?" ముసలామె నవ్వింది. "ఆయన గీస్తే పంపు కుంటిమేకలా ఉండేది. నేను గీశాను. ఈ తాటినార అంచు పెట్టి గీశాను. అందుకే గీత తిన్నగా వచ్చింది. గొట్టంలో రాడ్డు ఊడి పడిపోతే, జిల్లా నుంచి మేస్త్రీ వచ్చేదాకా నెలా నెలన్నరా చెరువు నీళ్లే తాగేవాళ్లం. మా పెద్దమ్మాయి బిడ్డ ఆ నీళ్లకే పోయాడు. తర్వాత నేను సైకిలు చువ్వ వంచి, తాడు కట్టి, గొట్టంలోకి దింపి, పడిపోయిన రాడ్డుని పైకి లాగడం నేర్చుకున్నాను. ఇద్దరు ఆడవాళ్లు చాలు. అదే గీశాను."

ఎనెలెస్‌కి గుండెలో బరువు దిగుతుందనుకుంటే ఇంకాస్త పెరిగింది. అనుమానం నిజమే అయింది. ఆ పేజీలకే కదా పాస్టరు గారు వైసన్‌ని సంఘం ముందు నిలబెట్టి దీవించింది. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. అణకువ అనుకున్నారు అందరూ.

"ఇంకొకరి పని మీద తన పేరు వేసుకున్నాడు," అంది ఆమె నెమ్మదిగా. "నాకు తెలుసు. ఎప్పుడూ అడగలేదు గానీ తెలుసు."

"దొంగ అనుకున్నారా?"

"అనుకున్నాను."

"ఎన్నాళ్లు?"

"పుస్తకం అచ్చయిన రోజు నుంచీ."

"పక్కనే పడుకుని?" ముసలామె ఆమెని కాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అలసిపోయిన మనిషి ఇంకో అలసిపోయిన మనిషిని చూసే చూపు. "మరియాము, లోపల బిస్కత్తుల డబ్బా తీసుకురా. గొళ్లెం విరిగిందే, అది."

డబ్బాలో మనవల టీకా కార్డులు, ఒక జపమాల, అడుగున మడతపెట్టిన కాగితాలు మూడు ఉన్నాయి. ముసలామె వాటిని విప్పకుండానే ఎనెలెస్ చేతికి ఇచ్చింది.

మూడూ ఒకే ఫారం. పేజీ ఇచ్చేవాళ్లు నింపాల్సిన ఫారం. ఇది నా సొంత పని, ఇవ్వడానికి నాకు హక్కుంది, అందరూ వాడుకోవడానికి ఒప్పుకుంటున్నాను అని అచ్చులో ఉంది. పేరు గడిలో పెన్సిలుతో, బడి అక్షరాలతో, ముసలామె అసలు పేరు: సైనాబు ఇమెడి. కింద అడ్డంగా ఎర్రసిరా: "అసంపూర్ణం. పోస్టుబాక్సు నంబరు లేదు. తిప్పి పంపడమైనది."

ఆ రాత ఎవరిదో ఎనెలెస్‌కి ఎవరూ చెప్పనక్కరలేదు. ముప్పై ఏళ్లుగా చెక్కుల మీద, చర్చి హాజరు పట్టీల మీద, పిల్లల పుస్తకాల మీద చూస్తున్న తన రాతే. మొదటిది ఫిబ్రవరిలో. రెండోది ఏప్రిల్‌లో. మూడోది జూలైలో.

"మొదటిసారి, పోస్టుబాక్సంటే ఏమిటని బడి మాస్టారిని అడిగాను," అంది సైనాబు. "రెండోసారి మసీదు నంబరు రాద్దామని మా షేకుని అడిగాను. 'మనకెవరు ఉత్తరాలు రాస్తారమ్మా, నాకూ లేదు' అన్నారు. మూడోసారి ఆ గడిలో 'లేదు' అని రాశాను. నిజం రాస్తే ఒప్పుకుంటారనుకున్నాను. దాన్నీ తిప్పి పంపారు."

ఎనెలెస్ మూడో కాగితం చూసింది. గడిలో 'లేదు' ఉంది. దాని చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉంది.

ఆ ఫారం ఎక్కడో విదేశంలో తయారైంది. కమిటీ దాన్ని ఊళ్లవాళ్ల భాష చిచేవాలోకి మార్చుకుంది. 'ఏ గడీ ఖాళీగా ఉండరాదు' అనే వాక్యం మాత్రం అసలులో లేదు. ఎనెలెస్ చేర్చింది. అప్పటికామె కొత్తగా చేరిన గుమాస్తా. రేపు ఎవరైనా వచ్చి ఈ పేజీ నాదంటే చూపించడానికి కాగితం పక్కాగా ఉండాలని ఆమె వాదిస్తే కమిటీ అంతా మెచ్చుకుంది. పట్నంలో కూర్చున్న ఏడుగురికీ పోస్టుబాక్సులున్నాయి. ఊళ్లో లేకపోవచ్చని ఒక్కరికీ తట్టలేదు.

"నాలుగోసారి రాయనన్నాను," అంది సైనాబు. "వైసన్ ఇక్కడే, మీరు కూర్చున్న చోటే కూర్చుని నవ్వాడు. 'ఇంట్లో మనిషి కదా, నేను చెబుతాలే' అన్నాడు. మళ్లీ వారం వచ్చాడు. 'చెప్పినా లాభం లేదు. నీ పేరుతో తీసుకెళ్తే మళ్లీ తిప్పుతుంది. నా పేరుతో ఇస్తే అడగదు. ముందు బొమ్మ లోపలికి వెళ్లనీ, పేరు తర్వాత సరిచేద్దాం' అన్నాడు. నేనే సరేనన్నాను. నీళ్ల కోసం గీశాను గానీ పేరు కోసమా?"

"తర్వాత ఎందుకు సరిచేయలేదు?"

"సరిచేయాలంటే మీరు తప్పు చేశారని కమిటీలో చెప్పాలి. ప్రతి వేసవికీ వచ్చేవాడు. ఈ ఏడు చెబుతాను, వచ్చే ఏడు చెబుతాను అనేవాడు. మీరంటే భయం కాదు. మీరు చిన్నబోతారని."

ఎనెలెస్ కట్టుగుడ్డ అంచుతో ముఖం తుడుచుకుంది. చెమటే ఎక్కువ. చర్చిలో తల వంచుకుని నిలబడిన మనిషి కళ్ల ముందు నిలిచాడు. దేవుడు క్షమిస్తాడని ఆమె ప్రతి గురువారం ఆడవాళ్ల కూడికలో చెబుతుంది. దేవుడి సంగతి సరే. చచ్చిపోయిన భర్త దగ్గర క్షమాపణ అడగడం ఎలాగో ఏ కూడికలోనూ ఎవరూ చెప్పలేదు.

"ఇంకో సంగతి దాచను," అంది చివరికి. "ఇప్పుడు మీరు సంతకం పెడితే తొమ్మిదో అధ్యాయం నిలబడుతుంది. కానీ మా నిబంధనల్లో ఆరోది ఉంది. తప్పుడు సంతకం పెట్టినవాళ్ల పేరు పుస్తకంలోంచి పూర్తిగా తీసెయ్యాలి. వైసన్ పేరు పోతుంది. ఆయన నిజంగా రాసిన పేజీల మీద నుంచి కూడా."

సైనాబు నార పక్కన పడేసింది. "అయితే పెట్టను."

"అమ్మా..."

"పెట్టను. నాకు దారి చేసిన మనిషి పేరు నా చేత్తో తుడిచెయ్యాలా? ఇన్నేళ్లు నా పేరు లేకుండానే నీళ్లు వచ్చాయి. మీరే పెట్టుకోండి. వారసురాలు కదా."

"పెట్టొచ్చు. ఎవరికీ తెలియదు కూడా."

"మరి?"

"మా ఆయన ఒక్క అబద్ధం ఆడి పదమూడేళ్లు మోశాడు. నేను మోయలేను. నాకంత ఓపిక లేదు." ఎనెలెస్ సంచీలోంచి తెల్లకాగితం తీసింది. "ఆరో నిబంధన తప్పుడు సంతకం పెట్టినవాళ్ల గురించి చెబుతుంది. పెట్టించినవాళ్ల గురించి ఏమీ చెప్పదు. ఆ సంగతి కమిటీ ఎదట పెడతాను. ఈ మూడు ఫారాలూ ఇస్తే వాటితో పాటు పెడతాను. తీసెయ్యాల్సిన పేరుంటే ముందు నాది తీయమంటాను."

"మీ ఉద్యోగం పోదూ?" అంది మరియాము.

"పోవచ్చు."

"పోతే ఇక్కడికి రండి. పంపు కొట్టడం నేర్పిస్తాం. చెప్పులు మాత్రం బయటే."

సైనాబు నవ్వలేదు. చాలాసేపు ఎనెలెస్ ముఖంలోకి చూసింది. "చెల్లీ," అంది. ఆ పిలుపు అప్పటిదాకా లేదు. "నువ్వు రాసేది నాకు చదివి వినిపించు. తర్వాత చూద్దాం."

ఎనెలెస్ మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసింది. పంతొమ్మిదేళ్ల కిందట మూడుసార్లు సరైన ఫారాన్ని తిప్పి పంపినది తానేనని, తాను చేర్చిన వాక్యమే అందుకు కారణమని, వైసన్ నమలోంబా ఆ పని ఇచ్చినామె ఒప్పుకోలుతోనే పేరు వేశాడని రాసి, చదివి వినిపించింది. ఒకచోట సైనాబు ఆపి, "'చదువురాని ఆడవాళ్లు' అని రాయకు. నాలుగో తరగతి పాసయ్యాను," అంది. కొట్టేసి మళ్లీ రాసింది.

కొత్త ఫారం తీసి పేరు దగ్గర ఆగింది. "అబీతి ఇమెడి అని రాయనా? ఊళ్లో అంతా అలాగే అంటున్నారు."

"అబీతి అంటే కూతురు. ఇమెడి మా నాన్న. ఆయనెప్పుడూ పంపు ముట్టుకోలేదు. సైనాబు అని రాయి."

రాసింది. పోస్టుబాక్సు గడి వచ్చింది. ఎనెలెస్ దాన్ని అలాగే వదిలేసి కింది గడికి వెళ్లింది.

సైనాబు కలం అందుకుని, కాగితాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగింది. "'పుస్తకంలో అచ్చయినది నేను ఇచ్చినట్టే ఉన్నది.' ఇది నాకెలా తెలుస్తుంది? చూడకుండా పెడితే ఇదీ తప్పుడు సంతకమేగా?"

"మీరు పుస్తకం చూడలేదా?"

"ఎవరిచ్చారు?"

పేజీ ఇచ్చిన ప్రతివాళ్లకీ ఒక అచ్చు ప్రతి పంపాలి. నిబంధనల్లో రెండోది. ఆ ప్రతి వైసన్ పోస్టుబాక్సుకే వచ్చింది. తానే విప్పి, అట్ట వేసి, అద్దాల బీరువాలో పెట్టింది. ఇంటికి వచ్చినవాళ్లకి చూపించేది.

ఆమె సంచీలోంచి తన వెంట తెచ్చుకున్న ఆ ప్రతినే తీసింది. రెండు చేతులతో పట్టుకుని, కాస్త ముందుకి వంగి అందించింది. పెద్దవాళ్లకి ఏదైనా ఇచ్చేటప్పుడు ఇచ్చే పద్ధతి అది.

"ఇది పంతొమ్మిదేళ్ల కిందట మీకు చేరాల్సింది."

సైనాబు చేతులు కట్టుగుడ్డకి తుడుచుకుని తీసుకుంది. తొందరపడలేదు. మొదటి పేజీ నుంచీ ఒక్కొక్కటే తిప్పింది. పిడి బొమ్మ దగ్గర తల ఊపింది. వాషరు బొమ్మ దగ్గర "బాగా గీశాడు, ఎవరో," అంది. తొమ్మిదో అధ్యాయం వచ్చింది. మరియాము వంగి భుజం మీదుగా చూసింది. ముసలామె వేలు తాడు వెంట దిగింది, చువ్వ దగ్గరికి వచ్చింది, అక్కడే ఆగిపోయింది.

"చెల్లీ. చువ్వని ఎటు తిప్పాలో చెప్పే ఈ బాణం ఎటు తిరిగి ఉంది?"

"ఎడమ చేతి వైపు."

"నేను కుడి వైపు గీశాను."

ఎనెలెస్ పుస్తకం మీదికి వంగింది. తాడు, చువ్వ, గొట్టం అన్నీ తిన్నగానే ఉన్నాయి. సైనాబు తన బొటనవేలితో మట్టిలో అదే బొమ్మ గీసి చూపించింది. రెండూ ఒకటే. కాకపోతే అద్దంలో చూసినట్టు అటుది ఇటైంది. అచ్చుకి పంపేముందు బొమ్మని పల్చటి కాగితం మీదికి ఎత్తి రాస్తారు. ఆ కాగితం ఎక్కడో తిరగబడింది.

"ఎడమకి తిప్పితే ఏమవుతుంది?"

"చువ్వ రాడ్డుని పట్టుకుంటుంది. సగం దాకా వస్తుంది. తర్వాత కింది రాడ్డు కొక్కెం ఊడిపోతుంది. ఒకటి తీయబోతే ఇంకొకటి పడుతుంది. ఇక ఆ పంపు పోయినట్టే."

"ఇన్నేళ్లలో ఒక్క ఊరు కూడా రాయలేదే మాకు?"

"ఎందుకు రాస్తారు? పుస్తకంలో ఉంది కదా. తప్పు తమ చేతుల్లోనే ఉందనుకుని ఉంటారు." సైనాబు గొంతు తగ్గిపోయింది. "ఈ బొమ్మ ఎన్ని ఊళ్లకి వెళ్లింది?"

"నాలుగు వందల పన్నెండు ఊళ్లకి," అంది ఎనెలెస్. శుక్రవారం మూడో ముద్రణ అచ్చుకి వెళ్తే, ఇదే బొమ్మ ఇంకెన్ని దేశాలకి వెళ్తుందో ఆమెకి తెలియదు. ఒకసారి వెళ్లాక వెనక్కి పిలవడం ఎవరి తరమూ కాదు. సైనాబు కలం మూత పెట్టి ఫారం మీద పెట్టింది. సంతకం గడి ఖాళీగానే ఉంది.

"నేనిచ్చింది ఇది కాదు. దీని మీద నేను పెట్టను."

"పెట్టొద్దు," అంది ఎనెలెస్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఈ పేజీ నేను ఇవాళే తీసుకెళ్లి కమిటీకి చూపించి అచ్చు ఆపించాలి." అలవాటు కొద్దీ పుస్తకం కోసం చెయ్యి చాపింది.

సైనాబు పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. దాని మీద రెండు చేతులూ వేసింది.

"కలం తీసుకెళ్లు. ఆ మూడు కాగితాలూ తీసుకెళ్లు. ఇది నాది."

ఎనెలెస్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "మీదే," అంది.